పప్పు ఇట్టే ఉడికే బోరు నీళ్లు: తాగేముందు చేయించవలసిన పరీక్షలు

అమ్మా, మీరు రాసిన సంగతి చదివినవారందరికీ తెలిసేలా ముందు నాలుగు మాటల్లో చెప్తాను. చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని మీ ఊళ్లో మామగారి కాలం నాటి 40 అడుగుల బావి పోయిన వేసవిలో ఎండిపోవడంతో ఇంటి వెనక 220 అడుగుల బోరు వేయించారు. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. బావి నీళ్లలో ఎంతకీ మెత్తబడని కందిపప్పు ఈ నీళ్లలో ఇట్టే ఉడుకుతోంది. ఫిల్టర్లు అమ్మడానికి వచ్చిన అబ్బాయి పెన్ను లాంటి మీటరు గ్లాసులో ముంచి 430 అని చూపించి, నీళ్లకు ఢోకా లేదన్నాడు. కానీ పదేళ్ల కిందట బోరు వేయించుకున్న పక్కింటివారి పిల్లల ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తున్నాయి. మీ పాపకు మూడేళ్లు. ఏ పరీక్షలు చేయించాలి, ఎక్కడ, ఎలా అని అడిగారు.

నేను ముప్పయ్యేళ్లకు పైగా నీటి ప్రయోగశాలలో పరీక్షలు చేసి, ఇప్పుడు బల్లార్షాలో ఉంటున్నాను. మీ భయం అర్థవంతమైనదే, రాళ్ల నుంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువైతే పళ్ల మీద అలాంటి చారలు వస్తాయి. ఇంకో మాట కూడా చెప్పాలి: మీరు నీళ్ల మంచితనానికి గుర్తుగా రాసిన ఆ పప్పు సంగతే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది.

పప్పు త్వరగా ఉడకడం అంటే నీళ్లలో కాల్షియం తక్కువగా ఉందని అర్థం. కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు బిరుసుగా ఉండిపోతుంది, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మనవాళ్లు అలాంటివాటిని ఉప్పు నీళ్లనో సవుడు నీళ్లనో చెడ్డపేరు పెట్టి వదిలేస్తారు. అయితే భూమిలో కాల్షియానికీ ఫ్లోరైడ్‌కూ పొత్తు కుదరదు. రెండూ ఒకచోట చేరితే కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టి నీటి నుంచి విడిపోతాయి కాబట్టి, కాల్షియం బాగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి నిలవడం కష్టం. అదే నీరు లోతైన రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, తన కాల్షియాన్ని వదిలేసుకుని సోడియాన్నీ బైకార్బనేట్‌నూ పుంజుకుంటే, గ్రానైట్, నైస్ రాళ్లలోని నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ దానిలోకి నిరాటంకంగా దిగుతుంది. అలాంటి నీరు నాలుకకు తియ్యగా, జారుడుగా ఉంటుంది, పప్పును చక్కగా ఉడికిస్తుంది. తియ్యటి నీళ్లన్నింటిలో ఫ్లోరైడ్ ఉంటుందని నేను అనడం లేదు. తియ్యగా ఉన్నాయి కదా అని పరీక్ష మానుకోవడానికి మాత్రం అది ఏమాత్రం కారణం కాదు.

ఫ్లోరైడ్ అనగానే మన తెలుగువాళ్లకు నల్లగొండ గుర్తుకొస్తుంది, అది అక్కడి శాపమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి తెలంగాణలోని ఆదిలాబాద్‌లోనూ, మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లోనూ ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు ఎప్పటినుంచో నమోదై ఉన్నాయి. మన జిల్లా అడుగున ఒకే రకం రాయి లేదు. ఒకచోట దక్కన్ నల్లరాయి, ఇంకొకచోట సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడిన సున్నపురాయి, బొగ్గు గనులున్నచోట గోండ్వానా ఇసుకరాయి, మరొకచోట గ్రానైట్ నైస్ ఉంటాయి. అందువల్ల బోరు ఏ పగులు నుంచి నీళ్లు తాగుతోందన్నది పక్క పెరట్లోనే మారిపోవచ్చు. ఒకే వాకిట్లో అన్నదమ్ముల బోర్లు రెండూ పరీక్షించినప్పుడు ఒకదానిలో లీటరుకు 0.8, రెండోదానిలో 2.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చూశాను. పక్కింటి నీళ్ల ఫలితాన్ని మీదిగా భావించి భయపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు.

పక్కింటి పిల్లల పళ్ల గురించి ఒక వివరం. ఫ్లోరైడ్ వల్ల వచ్చే చారలు పంటికి అడ్డంగా, ఎడమ కుడి వైపుల జంటపళ్ల మీద ఒకేలా ఉంటాయి, గోటితో గీకినా తోమినా పోవు, ఎందుకంటే అవి పైన పట్టిన మరక కాదు, పింగాణి పొర తయారైనప్పుడే లోపల ఏర్పడిన లోపం. ఆ పొర శాశ్వత దంతాలకు పుట్టిన కొద్ది నెలల నుంచి దాదాపు ఎనిమిదేళ్ల వరకు చిగుళ్ల లోపలే తయారవుతుంది. మీ పాపకు పాలపళ్లు ముత్యాల్లా ఉన్నాయని రాశారు. పాలపళ్ల మీద ఫ్లోరైడ్ జాడ తక్కువగానే కనిపిస్తుంది. ఆమెకు ఆరేడేళ్లకు రాబోయే ముందుపళ్లు ఈ నెలల్లో, ఈ నీళ్లతోనే రూపు కట్టుకుంటున్నాయి. అందుకే ఈ పరీక్షను వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెప్తున్నాను. ఇక పెద్దవాళ్ల పళ్లు బాగున్నాయన్నది దేనికీ రుజువు కాదు. వాళ్ల పళ్లు ఈ బోరు పుట్టకముందే ఏర్పడ్డాయి. ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే పెద్దలకు వచ్చేది నడుము, మెడ, కీళ్లు పట్టేయడం. దాన్ని మనవాళ్లు వాతమనుకుని మందులు వాడుతూ, అవే నీళ్లు తాగుతూ ఉంటారు.

ఆ 430 అంకె గురించి కూడా చెప్పాలి. ఆ మీటరు నీటిలో కరెంటు ఎంత తేలికగా పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టి చూపుతుంది. అందులో ఏ లవణం ఎంత అన్నది దానికి తెలియదు. లీటరులో 430 మిల్లీగ్రాముల లవణాలుంటే అందులో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ అయినా అది నూటికి ఒక వంతు కూడా కాదు. ఆ 3 మిల్లీగ్రాములు భారత ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠానికి రెట్టింపు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి ఏదీ లేనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. మన వేసవిలో పొలం పనికి వెళ్లే మనిషి తాగే నీళ్లను తలచుకుంటే మొదటి అంకెనే హద్దుగా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇప్పుడు నమూనా తీయడం గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే పరీక్ష తప్పయ్యేది ప్రయోగశాలలో కన్నా ముందుగా ఇంటి దగ్గరే. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో పాండర్‌కవడ వైపు నుంచి ఒక తండ్రి సీసాలో నీళ్లు తెచ్చాడు. 0.7 వచ్చింది, నిశ్చింతగా తాగమని నేనే చెప్పాను. రెండేళ్ల తర్వాత మళ్లీ తెస్తే 2.8 ఉంది. ఆరా తీస్తే మొదటిసారి ఆయన తెచ్చింది మేడమీది ట్యాంకు నీళ్లు. ఆ రోజు బోరు మోటారు పనిచేయక ట్యాంకును పంచాయతీ నల్లా నీళ్లతో నింపారట. ఆ రెండేళ్లూ ఆయన కూతురు నా మాట మీద ఆ బోరు నీళ్లే తాగింది. అది నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి సీసా మూత తీయకముందే, ఎక్కడ పట్టారు, ఎంతసేపు మోటారు నడిపారు అని అడగకుండా ఏ నమూనానూ తీసుకోలేదు.

నమూనా ట్యాంకు నుంచి కాక, బోరు నుంచి పైపు బయటికొచ్చే మొదటిచోటే పట్టాలి. పట్టేముందు బోరులో నిలవ ఉన్న నీళ్లన్నీ ఒకసారి బయటికి పోవాలి. ఆరంగుళాల బోరులో ఒక్కో అడుగుకు దాదాపు అయిదున్నర లీటర్ల నీళ్లు పడతాయి. మీ 220 అడుగుల బోరులో నీళ్లు 60 అడుగుల దగ్గర తగులుతున్నాయనుకుంటే కింద 160 అడుగుల మేర, అంటే సుమారు 880 లీటర్లు నిలిచి ఉన్నట్లు లెక్క. మీ మోటారు 20 లీటర్ల బకెట్‌ను అర నిమిషంలో నింపుతుంటే నిమిషానికి 40 లీటర్లు, కాబట్టి 22 నిమిషాలు నడపాలి. అయిదు నిమిషాలు వదిలి పట్టేస్తే రాతిలోని నీళ్లు కాక గొట్టంలో నిలిచిన నీళ్లే పరీక్షకు వెళ్లవచ్చు. ఆ నీళ్లను వృథా చేయనక్కరలేదు, చెట్లకో పశువుల తొట్టికో మళ్లించండి.

సీసా గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. లీటరు ప్లాస్టిక్ సీసా చాలు, కానీ పురుగుమందు, ఎరువు, నూనె, ఫినాయిల్ ఎన్నడూ పోయనిది అయివుండాలి. తాగునీళ్లు అమ్మే కొత్త సీసాను ఖాళీ చేసి వాడుకోవచ్చు. సబ్బుతో కడగవద్దు. అదే బోరు నీళ్లతో మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి మూతి వరకు నింపి బిగించండి. సీసా మీద ఊరు, బోరు లోతు, పట్టిన తేదీ, సమయం రాసిన చీటీ అంటించండి. నైట్రేట్ కూడా చూడాలి కాబట్టి ఎండ తగలకుండా, వీలైతే మంచు గడ్డల మధ్య పెట్టి అదే రోజు చేర్చడం మంచిది. ఇనుము సంగతి వేరు. బోరు నుంచి తేటగా వచ్చిన నీళ్లు గంటలో ఎర్రబడి అడుగున తుప్పులా పేరుకుంటే ఆ తుప్పు సీసాకే అంటుకుని పరీక్షలో ఇనుము తక్కువ కనిపిస్తుంది, అందుకే దానికి ఆమ్లం చుక్కలు వేసిన సీసాను ప్రయోగశాల వారినే అడిగి తీసుకోవాలి. మీ నీళ్లలో ఇనుము ఉందో లేదో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు: గుప్పెడు జామాకు నలిపి గ్లాసు నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే, ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లు ముదురు ఊదారంగుకో నలుపుకో తిరుగుతాయి. సూక్ష్మజీవుల పరీక్షకు మరో సీసా, అది వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాయే. దాన్ని నీళ్లతో తొలచకూడదు, లోపల వేలు పెట్టకూడదు, నిండా నింపకూడదు, ఆరు గంటల్లో చేర్చే ప్రయత్నం చేయాలి.

ఏమేమి చూడాలంటే, మొదటిసారి పీహెచ్, మొత్తం లవణాలు, క్షారత (బైకార్బనేట్ వంటి క్షారాల మొత్తం), కఠినత్వం, కాల్షియం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, సూక్ష్మజీవులు చాలు. ఫ్లోరైడ్ ఒక్కటే చాలదా అని చాలామంది అడుగుతారు. క్షారత, కాల్షియం పక్కన ఉంటే ఫ్లోరైడ్ అంకె నమ్మదగినదో కాదో తెలుస్తుంది. పీహెచ్ ఎనిమిదికి పైన, క్షారత ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ అయ్యుండి ఫ్లోరైడ్ 0.3 అని రాసి ఉంటే నేనైతే మళ్లీ పరీక్ష చేయమంటాను. ఆర్సెనిక్ ప్రధానంగా గంగా మైదానపు సమస్య, మీ వైపు మొదటి విడతలో అవసరం లేదు. అయితే గడ్చిరోలి తూర్పు అంచున, ఛత్తీస్‌గఢ్‌లోని అంబాగఢ్ చౌకీ వైపు ఉన్నవారు తప్పక చేయించాలి, అక్కడి రాళ్లలోనే ఆర్సెనిక్ ఉన్నట్లు తేలింది. గ్రానైట్‌లో బాగా లోతుకు దిగిన బోర్లకు యురేనియం ఒక్కసారైనా చూడడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి లీటరుకు 30 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది.

ఎక్కడ అంటే, ముందు మీ గ్రామ పంచాయతీకే వెళ్లండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఏర్పాటు ఉంది. ఆ కిట్‌లో ఫ్లోరైడ్ పరీక్ష గులాబీ రంగు ద్రావణంతో జరుగుతుంది. మీ నీళ్లలో చుక్కలు వేసినప్పుడు గులాబీగా ఉండిపోతే ఫ్లోరైడ్ తక్కువ, పసుపు వైపు జారేకొద్దీ ఎక్కువ. పరీక్షనాళికను తెల్లకాగితం ముందు, పగటి వెలుతురులో పట్టుకుని చూడాలి, ట్యూబులైటు కింద చూసిన రంగును నమ్మకూడదు. క్షారత ఎక్కువగా ఉన్న నీళ్లు ఆ రంగును తప్పుదారి పట్టించగలవు కాబట్టి కిట్ ఫలితాన్ని మొదటి కబురుగానే తీసుకుని, నమూనాను ప్రయోగశాలకు పంపండి. మహారాష్ట్రలో ఆ ప్రయోగశాలలను అందరూ జీఎస్‌డీఏ అని పిలిచే భూజల సర్వేక్షణ సంస్థ నడుపుతుంది. జిల్లా కేంద్రమైన చంద్రపూర్‌లో అడగండి, సొంత బోరు నీళ్లను కూడా కొద్దిపాటి రుసుముతో పరీక్షిస్తారు. ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో, అంటే ఫ్లోరైడ్‌ను పసిగట్టే మీటరు కడ్డీతో చూస్తారా, రంగుతో చూస్తారా అని అడగడానికి మొహమాటపడవద్దు, ఎలక్ట్రోడ్ అయితే మేలు. మా ఊరికి పచ్చ కార్డు వచ్చింది కదా అని ఎవరైనా అంటే, ఆ కార్డు పంచాయతీ నీటి వనరుల చుట్టూ పరిశుభ్రత ఎలా ఉందో చెప్పేదే. మీ పెరట్లోని బోరు గురించి గానీ, అందులోని ఫ్లోరైడ్ గురించి గానీ అది ఏమీ చెప్పదు.

కాగితం చేతికొచ్చాక నైట్రేట్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. హద్దు 45 మిల్లీగ్రాములు. కొన్ని ప్రయోగశాలలు దాన్ని నత్రజని లెక్కలో రాస్తాయి, అప్పుడు హద్దు దాదాపు 10 మాత్రమే. ఏ లెక్కలో రాశారో అడిగి తెలుసుకోండి. నైట్రేట్ రాతి నుంచి వచ్చేది కాదు, పశువుల కొట్టం, మరుగుదొడ్డి గుంత, పత్తిచేలో చల్లిన యూరియా నుంచి దిగేది, అందుకే లోతు తక్కువైన బావుల్లో అది ఎక్కువ కనిపిస్తుంది.

ఫ్లోరైడ్ 1.0 లోపు ఉంటే ఆ నీళ్లు నిక్షేపంగా తాగండి, కానీ మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరులోనో నవంబరులోనో మరోసారి చూపించి రెండంకెలూ రాసిపెట్టుకోండి. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు ఫ్లోరైడ్ సాధారణంగా పెరుగుతుంది. 1.0కి 1.5కి మధ్య ఉంటే పెద్దల సంగతి ఎలా ఉన్నా పాపకు వేరే నీళ్లు చూడండి. 1.5 దాటితే తాగడానికీ వండడానికీ ఆ నీళ్లు ఆపేయాలి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, పెరటికి ఏ భయమూ లేకుండా వాడుకోవచ్చు, ఫ్లోరైడ్ చర్మం ద్వారా లెక్కించదగినంతగా వెళ్లదు. వండితే పోతుందనుకోవద్దు. మరిగించినకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది, పప్పులో, అన్నంలో చేరేది అదే.

అప్పుడు మీ ముందు ఉండేవి మూడు దారులు. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, కానీ లోపలి పొర పాడైనా నీళ్లు తేటగానే వస్తాయి కాబట్టి బయటికొచ్చే నీళ్లను ఆరు నెలలకోసారి పరీక్షించాలి, వృథాగా పోయే గొట్టం నీళ్లను వంటకు పట్టుకోకూడదు. యూవీ దీపం, క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తాకనైనా తాకవు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిని 1970లలో మన నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీయే రూపొందించింది. అది మంచి పద్ధతే, కానీ పటిక మోతాదు మీ నీటి క్షారతను బట్టి, ఫ్లోరైడ్‌ను బట్టి లెక్కగట్టాలి, ఊరికే బిందెలో పటిక తిప్పితే మన్ను దిగుతుంది తప్ప ఫ్లోరైడ్ దిగదు. కొలత లేకుండా ఇంట్లో చేయవద్దు.

నా మనసుకు అన్నింటికంటే నచ్చేది వాన నీళ్లు. మన జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. 30 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద పడే నీటిలో అయిదో వంతు పోయినా 24,000 లీటర్లు చేతికొస్తాయి. అయిదుగురికి తాగడానికి, వండడానికి రోజుకు 25 లీటర్ల చొప్పున ఎనిమిది పొడి నెలలకు కావలసింది 6,000 లీటర్లే. తొలి రెండు మూడు వానలు కప్పు కడుక్కుపోనిచ్చి, ఆ తర్వాతి నీళ్లను వెలుతురు చొరబడని మూత ట్యాంకులో పట్టండి. అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, సూక్ష్మజీవుల కోసం మరిగించుకుంటే చాలు.

ఫలితం వచ్చేదాకా పాపకు ఏ నీళ్లు పట్టాలి అన్నది మిగిలింది. మామగారి బావిలో ఇప్పుడు మళ్లీ నీళ్లున్నాయని రాశారు. లోతు తక్కువైన బావి కాబట్టి ఫ్లోరైడ్ తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ, పప్పు ఉడకకపోవడం కూడా ఆ మాటే చెప్తోంది. ఆ నీళ్లు వడగట్టి, బాగా మరిగించి చల్లార్చి పాపకు ఇవ్వండి. మరిగిస్తే నైట్రేట్ పోదు కాబట్టి ఇంట్లో ఆరు నెలల లోపు పసిబిడ్డ ఉండి డబ్బాపాలు కలపవలసి వస్తే మాత్రం ఆ బావి నైట్రేట్ తెలియకుండా వాడవద్దు. టీ డికాషన్‌లోనూ నల్ల ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, పాపకు ఆ రెండూ అలవాటు చేయకండి. పాలు, పెరుగు, ఉసిరి, జామ, ఆకుకూరలు ఆమె పళ్లెంలో రోజూ ఉండేలా చూడండి. బోరు సీసాతో పాటే బావి నీళ్ల సీసా కూడా పట్టి, రెండింటి మీద వేర్వేరు చీటీలు అంటించి ఒకే రోజు చంద్రపూర్ పంపండి. కాగితాలు వచ్చాక ఆ అంకెలు, నమూనా పట్టిన తేదీ, మోటారు ఎంతసేపు నడిపారో రాస్తే, మీ రెండు నీళ్లలో దేన్ని దేనికి వాడుకోవచ్చో కూర్చుని లెక్కగట్టి చెప్తాను.